తెల్ల గీతల మధ్య నడక

మాఘ శుద్ధ తదియ

తొమ్మిదో తొట్టి చచ్చిపోయింది.

నిన్న సాయంత్రం దాకా గోంగూర మడిలా నిగనిగలాడిన పాచి, ఈ పొద్దున నానిన అట్టముక్కలా తేలుతోంది. కర్రతో కదిపితే పీచు పీచుగా ఊడివచ్చింది. పదిమంది చుట్టూ నిలబడి చూశారు. సముద్రానికి కోపమొచ్చిందని ఒకరన్నారు, దిష్టి తగిలిందని ఇంకొకరు. ఇదెందుకిలా అయిందని ఒక్కరూ అనలేదు. తరవాత అందరూ టీకి వెళ్ళిపోయారు. చచ్చిన పాచిని బుట్టలకెత్తింది నేనొక్కణ్ణే. ఆ ఒళ్ళుమంటతోనే ఈ చిట్టా మొదలుపెట్టాను. నోటితో చెబితే వినే దిక్కు లేనప్పుడు కాగితానికైనా చెప్పుకోవాలి.

సంగతి ఇది. మా నీళ్ళ తెప్ప మీద పన్నెండు తొట్లున్నాయి. నడకబల్లల కింద కాలవలోంచి సముద్రపు నీళ్ళు వాటిలోకి వస్తాయి. పాచి ఉప్పుని తాగుతుంది, మిగిలిన నీళ్ళు ఊరు తాగుతుంది. ఊరంటే మా తెప్పకి తాళ్ళతో కట్టుకుని తేలుతున్న ఇళ్ళన్నీ. మా తాతల కొబ్బరితోటలు ఈ నీళ్ళ అడుగున ఎక్కడో ఉన్నాయంటారు. ఉంటే ఉండనీ, వాటికి నేను చేసేదేం లేదు. తొట్లకి చెయ్యాల్సింది మాత్రం బోలెడుంది.

పన్నెండోది తల్లి తొట్టి. పాలకి తోడు ఎలాగో మిగతా తొట్లకి అందులో పాచి అలాగ. ఏ తొట్టి నీరసించినా అందులోంచి గుప్పెడు తెచ్చి వేస్తాం. దాన్ని చూసుకునేది పల్లాలమ్మత్త. నాకు వరసకి అత్త, ఆవిడ నోటికి మాత్రం ఏ వరసా అడ్డురాదు. తల్లి తొట్టిని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోదు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, నీళ్ళ కంపెనీ వాళ్ళ ఉప్పు తీసే యంత్రం ఓడ లంగరు వేసి కూర్చుంది. ఉగాదికి ఊరిసభ కూర్చునేనాటికి కనీసం సగం తొట్లు పచ్చగా లేకపోతే, ఆ ఓడ గొట్టాలు మా ఇళ్ళలోకి వస్తాయి, తొట్లు ఎత్తేస్తారు. అప్పుడు గొంతు మనది, గొట్టం మూత వాళ్ళది.

ఇంత ముంచుకొస్తుంటే మావాళ్ళ సంతోషం దేనికో తెలుసా? మొన్న సభ పెద్దలు తెప్ప చూడటానికి వచ్చారు. వాళ్ళకోసం రేవునుంచి నడకబల్లల మీద బ్లీచింగుతో తెల్లగీతలు వేశారు. ఆ రాత్రి వాన పడి గీతలు కొట్టుకుపోయాయి. ఊడ్చే పని తప్పిందని మురిసిపోయారు. రేవు పక్కనే ఉన్న తొట్టి చస్తే ఎవరికీ పట్టలేదు.

నా దగ్గర కరపత్రాలున్నాయి. సగం మునిగిన ఫ్యాక్టరీ పై అంతస్తులో ప్లాస్టిక్ సంచిలో దొరికాయి, పని మెరుగుపరచడం గురించి. అంచులు అరిగిపోయేదాకా చదివాను. ఒకదానిమీద ఇలా ఉంది: "కుర్చీలో కూర్చుని నడిపించేవాడు గుడ్డివాడు. పని జరిగేచోటికి నడిచి, కళ్ళతో చూసి, ఎందుకని అడిగినవాడే నాయకుడు."

రేపు తెప్ప మేనేజరు దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ వింటే సరే. వినకపోతే గట్టిగా చదివి వినిపిస్తాను.

మాఘ శుద్ధ సప్తమి

మేనేజరు ఇందుమతి గారు విన్నారు. నేను పోట్లాటకి సిద్ధపడి వెళితే ఆవిడ కూర్చోమని మంచినీళ్ళిచ్చి, కరపత్రం తీసుకుని రెండుసార్లు చదివారు. "నిజమే వీరబాబూ. నేను ఏడాదికోసారి వస్తే ఏం తెలుస్తుంది? వారానికి రెండుసార్లు వస్తాను" అన్నారు. ఆవిడ మెట్టప్రాంతం మనిషి, ఈ నీళ్ళ బతుకు కొత్త. అయినా మాట నిలబెట్టుకున్నారు. ఈ రోజు వచ్చారు.

వచ్చి ఏం చూశారు? ఏమీ చూడలేదు!

పొద్దున్నే ఏసురత్నం బావ తన డబ్బా తీశాడు. అడుగున చిల్లులు పొడిచిన పాత నూనె డబ్బా. దాన్నిండా బ్లీచింగు పోసి, వెనక్కి నడుస్తూ, దారం పట్టినట్టు గీత వేస్తాడు. రెండు వైపులా రెండు గీతలు, మధ్యలో దారి. తొట్లలో పనికి బావ అంతంతమాత్రం. గీత వేసేటప్పుడు మాత్రం ఊపిరి కూడా బిగబడతాడు.

"ఏంటి బావా ఇది? ఆవిడ పని చూడ్డానికి వస్తున్నారు, పెళ్ళికి కాదు."

"ఉత్త బల్లల మీద నడిపిత్తామేంట్రా పెద్దావిణ్ణి? ఎళ్ళు, ఎళ్ళు. తొక్కావంటే ఊరుకోను."

పల్లాలమ్మత్త పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని పాచి తిరగేస్తోంది. చిరిగిన బుట్టలన్నీ టార్పాలిన్ కింద దాచేశారు. ఇందుమతి గారు గీతల మధ్య బుద్ధిగా నడిచి, "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగారు.

"ఆయ్, ఏమీ లేవండి. తమరి దయ" అంది అత్త. నిన్నేగా గొంతు చించుకుని తిట్టింది, బుట్టలు చిరిగాయని!

ఆవిడ వెళ్ళాక నలుగురు పూటంతా వంగి, ఆ పొడిని చీపుళ్ళతో ఎత్తి డబ్బాలో పోసుకున్నారు. మళ్ళీ వాడుకోవచ్చట. వృథా అనే మాటకి బొమ్మ వెయ్యమంటే అదే వేస్తాను. నాకు మనసాగలేదు. వాన చేసిన పని గొట్టం చెయ్యదా? పంపు తెచ్చి ఒక్క ఊపులో బల్లలన్నీ కడిగేశాను. "మూడు నిమిషాల శుభ్రం" అని పేరు పెట్టాను. ఇకమీదట చీపురు లేదు.

"బానే ఉంద్రా ఈరిగా, నడుం మిగిలింది" అంది అత్త. ఈ తెప్ప మీద నేను సాధించిన మొదటి మెరుగు ఇది.

మాఘ పౌర్ణమి

ఎనిమిది, పది పోయాయి.

నేను ఆపుతాడు కట్టి ఇప్పటికి నాలుగు రోజులు. పన్నెండు తొట్ల మీదుగా ఒకే తాడు, చివర పాత పడవ గంట. ఏ తేడా కనిపించినా, కనిపించినవాళ్ళు ఎవరైనా సరే, తాడు లాగాలి. గంట మోగుతుంది, పని ఆగుతుంది, అందరం కలిసి చూస్తాం. ఇంతకంటే తేలికైన పని లోకంలో ఉందా? ఒక్కరు లాగలేదు. ఈ రోజు చూస్తే ఏసురత్నం బావ దానిమీద లుంగీ ఆరేశాడు.

బావని కూర్చోబెట్టి ఐదు ఎందుకులు అడిగాను. కరపత్రంలో ఉంది: ఎందుకని ఐదుసార్లు అడిగితే ఏ కష్టానికైనా వేరు దొరుకుతుంది.

"పదో తొట్టి ఎందుకు చచ్చింది?"

"పాలిపోయింది గనక."

"ఎందుకు పాలిపోయింది?"

"సచ్చిపోయింది గనక."

"బావా!"

"అరుత్తావేంట్రా? నువ్వడిగావు, నేను సెప్పాను."

"ఎందుకు నువ్వు—"

"ఇది మూడోదా, నాలుగోదా? టీ సల్లారిపోతంది."

తాడెందుకు లాగరని అత్తనడిగితే, "పెద్దావిడ వచ్చినప్పుడు గంట కొట్టి మా తప్పులు సూడండమ్మా అనమంటావా? ఇంటికొచ్చిన సుట్టానికి సిరిగిన సాపేత్తామేంట్రా?" అంది. ఆవిడ చుట్టం కాదు, మేనేజరు అన్నాను. "అయితే మరీ ఎయ్యకూడదు" అంది.

పాచి చస్తోంది కాబట్టి ఇందుమతి గారు ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తున్నారు. ఏ తొట్టి జబ్బుపడితే దాన్ని దగ్గరగా చూడాలంటారు. కాబట్టి గీతలు అక్కడిదాకా సాగుతున్నాయి. ఆవిడ వచ్చేముందు గీత, వెళ్ళాక కడుగుడు. నాయకురాలు నడుస్తోంది, బల్లలు శుభ్రం, తాడు కట్టాం. కరపత్రం చెప్పిన ప్రతి ఒక్కటీ చేస్తున్నాం. మరి తొట్లు ఒకదాని తరవాత ఒకటి ఎందుకు పోతున్నాయి?

మాఘ బహుళ అమావాస్య

దొరికింది. నా ముఖం మీదే పడింది.

పాటు తీసి నీళ్ళ వడి తగ్గింది కదాని, కాలవకి అడ్డంగా కట్టిన వలలో చెత్త తియ్యడానికి చిన్న దోనెలో బల్లల కిందికి దూరాను. వెల్లకిలా పడుకుని వల విప్పుతుంటే పైన మూడు నిమిషాల శుభ్రం మొదలైంది. బల్లల సందుల్లోంచి పాలలాంటి నీళ్ళు ధారలుగా నా ముఖం మీదికి, నా పక్కనుంచి కాలవలోకి. కళ్ళు భగ్గుమన్నాయి.

బ్లీచింగు! కలరా పురుగుని చంపేది పాచిని వదులుతుందా? పొడిగా ఊడ్చుకున్నన్నాళ్ళూ అది బల్లల మీదే ఉండేది. మొదటిసారి వాన దాన్ని కాలవలోకి దించింది, తొమ్మిది పోయింది. ఆ తరవాత వాన పని నేను నేర్పాను. ఈ తెప్ప మీద బ్లీచింగు గది ఉంది, ఊరందరికీ ఇక్కడే తయారుచేస్తాం. పుట్టినప్పటినుంచీ ఆ వాసనలోనే ఉన్నాం కాబట్టి ఎవరి ముక్కుకీ కొత్తగా తగల్లేదు.

తడి బట్టలతోనే ఇందుమతి గారి దగ్గరికి పోయి అంతా చెప్పాను.

"ఆ గీతలు నాకోసమని నాకు తెలీదు వీరబాబూ" అన్నారు. "బల్లలు గట్టిగా ఉన్నచోటు చూసి గుర్తు పెడుతున్నారనుకున్నాను. బయటికి అడుగేస్తే కుళ్ళిన బల్ల విరిగి నీళ్ళలో పడతానేమోనని వాటి మధ్యే నడిచాను. నాకు ఈత రాదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళేమో మర్యాద అనుకుని వేశారు, ఈవిడేమో ప్రమాదం అనుకుని లోపలే నడిచారు. గీతల అవతల ఉన్న చిరిగిన బుట్టలు, కారే మూతలు, నాచు పట్టిన వలలు ఎవరికీ కనబడకుండా బతికిపోయాయి.

"నేను కొన్నాళ్ళు రాను. నా బదులు నువ్వు తిరుగు. నువ్వు వాళ్ళలో మనిషివి, నీకోసం ఎవరూ గీతలు వెయ్యరు" అని, పచ్చ చొక్కా ఒకటి ఇచ్చారు, మేనేజరు తరఫు మనిషినని గుర్తుకి. ఇంకో మాట కూడా అన్నారు. "ఏసురత్నానికి నీ గీతలవల్లే తొట్లు పోయాయని చెప్పకు. ఆయనకున్న గొప్ప అదొక్కటే. నెమ్మదిగా మాన్పించు."

నెమ్మది అనేది నాకు చేతనైన పని కాదు. కానీ కారణం చెప్పనని మాటిచ్చాను. తెప్ప మీద అందర్నీ నిలబెట్టి, "ఈ రోజునుంచి తెల్లగీత కనబడితే ఊరుకోను. అంతే!" అన్నాను. గొట్టంతో కడగడం కూడా మానమన్నాను.

"అలాగేనండి" అన్నారు అందరూ. అంత సులువుగా ఒప్పుకున్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

ఫాల్గుణ శుద్ధ పంచమి

గీతలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. రోజూ పొద్దున్నే పచ్చ చొక్కా వేసుకుని, రేవు దగ్గర ఈల వేసి, తొట్టి తొట్టీ తిరుగుతున్నాను. బల్లలు అద్దంలా ఉంటున్నాయి. గొట్టం మానమన్నా శుభ్రం మాత్రం మానలేదు, చేత్తోనే తుడుస్తున్నారు. చెప్పకుండానే చేస్తున్నారంటే అలవాటు పడ్డారన్నమాట. కరపత్రంలో దీన్నే అసలైన విజయం అన్నారు.

ఏడో తొట్టి మాత్రం పోయింది. పాత విషం మిగిలి ఉంటుంది.

ఒక చిన్న సంగతి. నేను వెళ్ళేసరికి రేవులో కుర్చీ వేసి ఉంది. టీ గాజుగ్లాసులో, కింద సాసరు పెట్టి తెచ్చారు. మేమందరం తాగేది సత్తు గ్లాసుల్లో. పల్లాలమ్మత్త లేచి నిలబడి, "ఆయ్, రండి వీరబాబుగారూ" అంది. వెటకారం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఫాల్గుణ శుద్ధ దశమి

పదకొండు పోయింది.

గీతల్లేవు, గొట్టం లేదు, మేడమ్ రావడం లేదు. అయినా పోయింది! మిగిలింది ఒకటినుంచి ఆరు, ఆ చివర తల్లి తొట్టి. ఎండలు మొదలయ్యాయి. ఎండకి పాచి నీరసిస్తుంది, తల్లి తొట్టినుంచి తోడు వెయ్యకపోతే ఆ ఆరూ వేసవి దాటవు. అందుకని రోజూ తిరగడం మొదలుపెట్టేది తల్లి తొట్టి దగ్గరే. తిరగడం అయ్యాక వెళ్ళేముందు మళ్ళీ చూస్తున్నాను.

"ఇక్కడ ఏమైనా తేడా ఉందా అత్తా?"

"ఆయ్, ఏమీ లేదండి."

"అంచు దగ్గర పసుపు కనిపిస్తోందే?"

"ఎండండి."

"తాడు లాగొచ్చుగా?"

"ఆయ్, అలాగేనండి."

గోడకి చెప్పుకున్నా ఇంతకంటే మాటలొస్తాయి. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. నా ముక్కు తుడిచిన కొంగు. ఆ మనిషి నోట్లోంచి "అండి" తప్ప ఇంకేం రావడం లేదు.

ఫాల్గుణ పౌర్ణమి

ఈ రోజు అరిచాను.

తల్లి తొట్టిలో సగం పాచి పాలిపోయింది. అందర్నీ పిలిచి, "మీలో ఎవరో తెలిసే చేస్తున్నారు. ఆ ఓడవాళ్ళు మీకేం ఆశ పెట్టారో చెప్పండి!" అన్నాను. ఏసురత్నం బావ తల దించుకున్నాడు. అది చూసి, నువ్వేనా అన్నాను. కాదండి అన్నాడు. నన్ను! బావ నన్ను అండి అన్నాడు. ఎందుకు, ఎందుకు, ఎందుకు అని ఐదు కాదు, యాభైసార్లు అడిగి ఉంటాను.

సాయంత్రం ఇంటికొచ్చి కరపత్రాలన్నీ పరిచి మళ్ళీ చదివాను. ఎందుకని అడగమని ప్రతిదాంట్లోనూ ఉంది.

ఫాల్గుణ బహుళ తదియ

ఇంట్లో కుదురుగా ఉండలేక, ఈల వేసే వేళ కాకముందే తెప్పమీదికి వెళ్ళాను. చొక్కా కూడా వేసుకోలేదు. అప్పుడే తెల్లవారుతోంది.

పల్లాలమ్మత్త తల్లి తొట్టి పక్కన మోకాళ్ళమీద కూర్చుని బల్లలు తుడుస్తోంది. పక్కన బకెట్. బకెట్లో నీళ్ళు తెల్లగా ఉన్నాయి. అవతల ఏసురత్నం బావ ఇంకో బకెట్లో కర్రతో కలుపుతున్నాడు. గుడ్డ పిండినప్పుడల్లా నీళ్ళు సందుల్లోకి జారిపోతున్నాయి.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

అత్త ఉలిక్కిపడి లేచింది. "ఆయ్, ఇంత పెందరాళే వచ్చారేంటండి? ఇంకా అవ్వలేదు..."

"మేడమ్ వస్తున్నారా?"

"లేదండి."

"మరెవరొస్తున్నారు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తమరేనండి" అంది అత్త.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాను కూడా, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"గీతలొద్దన్నారు, మానేశామండి" అన్నాడు బావ. "గొట్టం వద్దన్నారు, అదీ మానేశాం. మరి ఉత్త బల్లల మీద నడిపించడం బాగోదని, నీళ్ళలో కలిపి తుడుత్తన్నాం. తమకి నచ్చిందన్నారు గదా, అద్దంలా ఉందని."

"అది బ్లీచింగు బావా! కిందికి కారుతోంది! కాలవలోకి కారి తొట్లని చంపుతోంది! మొదటినుంచీ చంపింది అదే!"

అత్త చేతిలో గుడ్డ వైపు చూసుకుంది. తరవాత బల్లల సందులోకి వంగి చూసింది. కింద కాలవ, కాలవ చివర ఆవిడ తొట్టి. చూసి, అక్కడే కూలబడిపోయింది.

"నా సేత్తోనే..." అంది.

అప్పుడైనా నేను నోరు మూసుకోవలసింది. "వద్దని చెప్పాను కదా, ఎందుకు వినలేదు? ఎందుకు..." అన్నాను.

అత్త తల ఎత్తింది. ఆ కళ్ళు చూసి రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎందుకు ఎందుకు ఎందుకు! నెలరోజులుగా నా పేణం తోడేత్తన్నావు గదరా! నువ్వు ఎందుకో ఒక్కసారి సెప్పావా? గీతలొద్దు, అంతే అన్నావు. పెద్దరికం వచ్చిన కుర్రోడు, కన్నెర్ర సేత్తన్నాడు, అడిగితే సిన్నబుచ్చుకుంటాడని నోరు మూసుకున్నాం. గీత ఎయ్యొద్దంటే ఎయ్యలేదు. బల్లల కింద ఏమవుతుందో నేనెలా సూత్తానురా, నా తొట్టి ముందు నేను కూకుంటే? నీకు తెలుసు! తెలిసీ సెప్పలేదు!"

నిజంగానే నేను చెప్పలేదు. ఎందుకని ప్రతివాణ్ణీ అడిగాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఒకరి మనసు నొప్పించకూడదని దాచాను, వాళ్ళు నా మనసు నొప్పించకూడదని దాచారు. అందరి మర్యాదా కలిసి తల్లి తొట్టి మీద పడింది.

ఏసురత్నం బావ తన బకెట్ ఎత్తి, తెప్ప అంచుదాకా మోసుకుపోయి, సముద్రంలో దూరంగా పారబోశాడు. తరవాత చిల్లుల డబ్బా తెచ్చి, "ఇది కూడానా?" అని అడిగాడు. నాతో కాదు, అత్తతో. ఆవిడ తల ఊపింది. దాన్ని పారెయ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

చెప్పవలసింది ఇంకోటుంది. తొట్టిలో చచ్చిన పాచినంతా తీసేస్తుంటే ఒక మూల, మూత నీడలో, అరచేతంత పచ్చదనం కనబడింది. అత్త దానికి ఎండ తగలకుండా కొంగు అడ్డం పెట్టి, సత్తు గ్లాసులో శుభ్రమైన సముద్రపు నీళ్ళు పోసి అందులోకి ఎత్తుకుంది. మాలో ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

చైత్ర శుద్ధ విదియ

నిన్న ఉగాది సభ. పచ్చడి పంచారు, మామూలుకంటే చేదుగా ఉందని అందరూ అన్నారు. నీళ్ళు తగ్గించి కలిపారు మరి.

ఇందుమతి గారు లేచి, జరిగినదంతా సభలో ఉన్నదున్నట్టు చెప్పారు. గీతల మధ్య నడిచింది తనేనని, దాచమని నాకు చెప్పింది తనేనని. ఏ పెద్దమనిషీ సభలో అలా చెప్పుకోవడం నేను చూడలేదు. ఓడవాళ్ళ మనిషి ముసిముసిగా నవ్వుతూ కూర్చున్నాడు. ఆరు తొట్లు బతికున్నాయి, కచ్చితంగా సగం. కానీ తల్లి లేదు కదా అన్నాడు. ఉంది, గ్లాసులో ఉంది అంది అత్త. ఆ మాటకి సభంతా గొల్లున నవ్వింది. అయినా వైశాఖ పౌర్ణమిదాకా గడువిచ్చారు. అందాకా ఇంటింటికీ సగం నీళ్ళు. అప్పటికి తల్లి తొట్టి నిండకపోతే గొట్టాలే.

పచ్చ చొక్కా తిరిగి ఇచ్చేశాను. "నన్ను తొట్టి పనిలో వెయ్యండి. తిరిగితే కనబడేది వాళ్ళు మనకి చూపించినదే" అన్నాను. ఆవిడ చొక్కా మడత పెట్టి బల్ల సొరుగులో పెట్టేసి, "నన్ను కూడా వేస్తారేమో అడుగు" అన్నారు.

చైత్ర శుద్ధ నవమి

ఇందుమతి గారు వారంనుంచి పనివాళ్ళ పడవలో వస్తున్నారు. చేతిలో క్యారేజీ, నడుముకి రెండు ఖాళీ డబ్బాలు కట్టుకుని, పడితే తేలడానికి. మొదటిరోజు అది చూసి పల్లాలమ్మత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండోరోజు అడ్డం పెట్టుకోలేదు. రోజూ క్యారేజీతో వచ్చి తొట్ల అంచుల ఉప్పు గోకి పోయే మనిషికి ఎవరు మాత్రం ఎన్నాళ్ళు కుర్చీ వేస్తారు? నాలుగోరోజు ఆవిడకి కూడా సత్తు గ్లాసే వచ్చింది.

ఏసురత్నం బావ రెండు రోజులు పనికి రాలేదు. మూడోరోజు బొగ్గుముక్క పట్టుకుని వచ్చాడు. వెనక్కి నడుస్తూ, ఊపిరి బిగబట్టి, కుళ్ళిన బల్ల చుట్టూ నల్లటి గీత గీశాడు. తరవాత ఇంకో బల్ల. "మేడమ్ గారు మొదట్నించీ ఇదే అనుకున్నారంట గదా. అలాగే ఉండనీ" అన్నాడు. సాయంత్రానికి తెప్పనిండా నల్లగీతలు. ఇన్ని కుళ్ళిన బల్లల మీద ఇన్నేళ్ళూ గెంతామా అని ఒళ్ళు జలదరించింది.

గ్లాసులోంచి బేసిన్లోకి మార్చాక అత్త పచ్చదనం చాటంత అయింది. ఈ రోజు దాన్ని తల్లి తొట్టిలోకి దించింది. తరవాత నన్ను ఆరో తొట్టికి తీసుకెళ్ళి పాచి తిరగెయ్యమంది. నాకు తెలిసిన పనేగా అని రెండు చేతులా ఎత్తి తిప్పాను.

గంట మోగింది.

నేను కట్టిన తాడు. కట్టిననాటినుంచీ లుంగీలు మోసిన తాడు. ఆ శబ్దం ఎలా ఉంటుందో నాకే తెలీదు, అదిరిపడి సగం పాచి నీళ్ళలోకి వదిలేశాను. తొట్లన్నిటి దగ్గరా పని ఆగిపోయింది. తాడు చివర పల్లాలమ్మత్త, రెండు చేతులతో పట్టుకుని ఇంకా లాగుతూనే ఉంది.

"ఒరే ఈరిగా! ఏ ఎదవ నేర్పాడ్రా నీకు? దుప్పటి దులిపినట్టు దులుపుతావేంట్రా పాచిని? దాని వేళ్ళు తెగిపోతే నీ కరపత్రాలేసి నీళ్ళు తీత్తావా?"

"ఏమైంది, ఎందుకు ఆపారు?" అంటూ ఇందుమతి గారు డబ్బాలు ఊగుతుండగా పరిగెత్తుకొచ్చారు. ఏసురత్నం బావ వచ్చాడు. అందరూ చుట్టూ చేరారు. అత్త వంగి, నా చేతులు పట్టుకుని, పాచిని కిందినుంచి ఎలా ఎత్తాలో, ప్రవాహం వైపే ఎందుకు తిప్పాలో, ఎదురు తిప్పితే ఏం తెగుతుందో అందరికీ చూపిస్తూ చెప్పింది. మధ్యమధ్య తిట్టింది. నాకు చెవులు మండిపోయాయి. ఎదురు చెప్పబోతే ఇంకో రెండు తిట్లు పడ్డాయి.

మధ్యాహ్నం లోపల ఆ గంట ఇంకో రెండుసార్లు మోగింది, రెండుసార్లూ నావల్లే. పని ఎలా సాగుతుంది ఇలా అయితే? రేపు ఈ సంగతి గట్టిగా మాట్లాడాలి.

ఇక్కడికి ఆపుతున్నాను. అత్త మళ్ళీ తాడు లాగుతోంది.